చూడని సగం

మిలటరీ సెలక్షన్లకు పరుగు నేర్పే అకాడమీ మాది, ధర్మసాగర్ దారిలో. ముప్పై మందికి నేనే లీడర్‌ని. ఒక ఆదివారం మా రిటైర్డ్ సుబేదార్ రాజేశ్వర్ రావు సార్ పాత ఇంగ్లిష్ సినిమా వేశారు. నలుపు తెలుపు బొమ్మ, మిలటరీ కాలేజీ కుర్రాళ్ల కథ. తోటివాడి తప్పును పైవాళ్లకు చెప్పాడని అందులో ఒకణ్ని వెలివేస్తారు. పక్కనే కూర్చుని తింటారు గానీ పలకరించరు. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. ఆ సగమే నాకు తెగ నచ్చింది.

వారం తిరక్కుండా సార్ నా లీడర్ బిళ్ల పీకేశారు. జూనియర్లతో బట్టలు ఉతికించుకుంటున్నానట. నా దోస్తు అనిల్ కాకపోతే ఇంకెవడు చెబుతాడు? ముందురోజే వాడు ఆ బట్టల సంగతి చూసి "గిది మంచిగ లేదు భానూ" అన్నాడు. అనుమానం పెనుభూతం అంటారు. నాకు అదే సాక్ష్యమైంది.

బిళ్ల పోయినా నా మాటకు ఎదురులేదు. అనిల్‌తో ఎవరూ మాట్లాడలేదు. ఉప్పు అడిగితే గిన్నె దూరం జరిపేవాళ్లం. అకాడమీ వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ ఇంకా నేనే, అందులోంచీ వాణ్ని తీసేశాను. వాడు చిక్కిపోతుంటే నాకు సంతోషంగా ఉండేది, అబద్ధమెందుకు.

వచ్చే నెలతో వాడికి వయసు దాటిపోతుంది. హనుమకొండలో జరిగే మిలటరీ సెలక్షన్ ర్యాలీయే ఆఖరిది. రెండు రోజుల ముందు సార్ గ్రూపులో పెట్టారు, సర్పంచ్ సంతకం చేసిన కాగితం తప్పనిసరని. మా హడావుడి చూసి అనిల్ అడిగాడు.

"ఏం కాయితాలురా అవి? నాక్కూడ జర చెప్పరాదు."

నేను ఆవులించాను. మిగతావాళ్లు తలలు తిప్పుకున్నారు.

ఆ కాగితం లేదని ర్యాలీ గేటు దగ్గరే వాణ్ని వెనక్కి పంపేశారు. మా అందరికంటే బాగా ఉరికేవాడు ఒక్క అడుగు ఉరకలేదు. లైన్లో నిలబడి నవ్వాను.

తర్వాతి ఆదివారం సార్ మిగతా సినిమా వేశారు. అందులో పైవాళ్లకు చెప్పింది ఆ వెలివేసినవాడు కాదట. కుర్రాళ్లంతా సిగ్గుపడి వెళ్లి వాడితో చేతులు కలిపారు. నా బట్టల సంగతి ఎవరు చెప్పారని సార్‌ని అడిగాను.

"ఎవలు చెప్పాలె? పిలగాడు నీ అంగి ఆరేస్తాంటే నేనే చూసిన."

అనిల్‌కు ఫోన్ చేశాను. వాళ్లమ్మ యాకమ్మ ఎత్తింది.

"భానువా బిడ్డా? ఎవలతోని మాట్లాడుతలేడు. గోడ దిక్కు తిరిగి పంటాండు. నువ్వు దోస్తువు గద, ఒక్క మాట మాట్లాడు" అని ఫోను వాడి చెవి దగ్గర పెట్టింది.

వాడి ఊపిరి వినిపిస్తోంది. ఫోను చెవికి ఆనించుకుని వింటూ ఉండిపోయాను.