తిమ్మయ్య కేసు నకలు

పందొమ్మిది వందల ఎనభై ఒకటి నాటి కువైట్‌లో, ఫహాహీల్ పట్టణంలో బతికినవాళ్ళు ఇప్పటికీ అక్కడి శుక్రవారాలను తలుచుకుంటారు. సముద్రం పక్క రోడ్డు మీద బస్సులు దిగిన కడప జిల్లా మనుషులంతా బజారు వెనక ఉన్న గదుల్లో చేరేవారు. ఒకరు ఉల్లిపాయలు తరిగితే ఇంకొకరు మాంసం కడిగేవారు. ఉత్తరం రాయడం రానివాళ్ళు వరసగా టేప్ రికార్డర్ ముందు కూర్చొని ఇంటికి కబుర్లు చెప్పేవారు. ఆ క్యాసెట్ ఎవరో ఒకరి పెట్టెలో ఊరికి వెళ్ళి, మూడు నెలల తర్వాత ఆలుబిడ్డల గొంతులు నింపుకొని తిరిగి వచ్చేది. అది వినిపించేటప్పుడు, ఎవరి ఇంటి మాటలైనా సరే, గది మొత్తం పని ఆపి వినేది.

అలాంటి ఒక గదిలో ఉండే తిమ్మయ్యది రాయచోటి దగ్గర పల్లె. లాండ్రీలో ఇస్త్రీ పని చేసేవాడు. టేప్ రికార్డర్ ముందు కూర్చుంటే అతనికి మాట వచ్చేది కాదు. ముందు బర్రె ఈనిందా అని అడిగేవాడు, తర్వాత పిల్లల సంగతి, భార్య రెడ్డెమ్మ పేరు మాత్రం అందరూ బయటికి వెళితేనే పలికేవాడు. దానికి గదిలో అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు.

ఆ నవ్వులు దావూద్ వచ్చేదాకే. దావూద్‌ది కూడా రాయచోటి ప్రాంతమే. కొత్తగా వచ్చిన వారానికే అతను, తిమ్మయ్య దొంగతనం కేసులో జైలుకు పోయి వచ్చినవాడని చెప్పాడు. తాను చూడలేదట, ఊళ్ళో అనుకుంటుంటే విన్నాడట. అప్పటినుంచి తిమ్మయ్య గదిలోకి వస్తే పెట్టెలకు తాళాలు పడేవి. నెల తిరక్కుండా టేప్ రికార్డర్ కనబడకుండా పోయింది. ఎవరు తీశారో ఎవరూ చూడలేదు. కానీ అందరి కళ్ళూ ఒక్కడి మీదే నిలిచాయి.

గదికి పెద్ద జిలానీ బాషా. కంపెనీ బస్సు నడిపేవాడు, నిదానస్తుడు, ఎవరికి జబ్బు చేసినా ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. అలాంటి మనిషి తిమ్మయ్యను పిలిచి, తలా ఒక మాట అంటున్నారు, వేరే గది చూసుకోమన్నాడు.

"నేను తీయలేదు బాషన్నా," అన్నాడు తిమ్మయ్య.

తిమ్మయ్య పరుపు చుట్టుకొని కువైట్‌లోనే మరో పేట అర్దియాకు వెళ్ళిపోయాడు.

పాఠకులారా, మాటకు బస్సు టికెట్టు అక్కరలేదు. అర్దియాలో అతను చేరిన కొత్త లాండ్రీకి ఆ మాట అతనికంటే ముందే చేరింది. ఇళ్ళకు బట్టలు అందించే పనికి పంపలేదు. తోటివాళ్ళు పక్కన కూర్చొని తినలేదు. ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి కాగితం ఇఖామా గడువు దగ్గరపడుతోంది, దాన్ని పొడిగించాలా వద్దా అని అతనికి పూచీ ఉన్న అరబ్బు యజమాని, కఫీల్, ఆలోచనలో పడ్డాడు.

జిలానీ బాషా సెలవు మీద ఊరికి బయలుదేరే ముందు, గదిలో వంట చూసే అల్లాబకష్ చాచా అతన్ని పక్కకు పిలిచాడు. చాచా కువైట్‌కు రాకముందు రాయచోటి కోర్టులో బంట్రోతుగా పనిచేశాడు.

"వాడు జైలుకు పోయినాడో లేదో మన నోళ్ళతో తేల్చేది కాదు జిలానీ," అన్నాడు చాచా. "కోర్టులో రాసి ఉంటాది. ఎవరైనా అర్జీ పెట్టుకొని అడగొచ్చు. పోతాండావు కదా, అడిగిరా."

ఆ మాట జిలానీ బాషాకు ముల్లులా గుచ్చుకుంది. ఊరు చేరిన నాలుగో రోజు ముందుగా రాయచోటి పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. అక్కడి రైటరు పాత పుస్తకం తిప్పి, డెబ్భై నాలుగులో తిమ్మయ్య పేరున కేసు ఉన్నమాట నిజమేనన్నాడు. జిలానీ బాషా గుండె కుదుటపడింది, తాను చేసింది తప్పు కాదని. అయితే రైటరు మరో మాట అన్నాడు. కేసు పెట్టినట్టు మాత్రమే స్టేషనులో ఉంటుంది, అది ఎలా ముగిసిందో కోర్టే చెప్పాలి.

కోర్టు ముందు చెట్టు నీడన బాలసుబ్బయ్య అనే ముసలాయన అర్జీలు రాసేవాడు. ఆయన గుమాస్తాను అడిగి ఆ ఏటి కేసుల రిజిస్టరు వెతికించాడు. అందులో ఇద్దరు తిమ్మయ్యలున్నారు. ఇద్దరివీ దొంగతనం కేసులే. ఒకనికి ఆరునెలల శిక్ష, మరొకనికి విడుదల.

"మీవాని తండ్రి పేరేంది?" అని అడిగాడు బాలసుబ్బయ్య.

జిలానీ బాషాకు తెలియదు. రెండేళ్ళు ఒకే పళ్ళెంలో తిన్న మనిషి తండ్రి పేరు తెలుసుకోకుండానే అతన్ని దొంగని చేశాడు.

మర్నాడు తిమ్మయ్య పల్లెకు వెళ్ళాడు. కువైట్ నుంచి మనిషి వచ్చాడంటే రెడ్డెమ్మ మంచం వాల్చింది, మజ్జిగ ఇచ్చింది. తన మొగుడు వేళకు తింటాడా, నడుమునొప్పి తగ్గిందా అని అడిగింది. ఈమధ్య క్యాసెట్ ఎందుకు పంపలేదని అడిగినప్పుడు జిలానీ బాషా తల దించుకున్నాడు. మాటల మధ్యలో మామ పేరు అడిగితే కొండయ్య అని చెప్పింది. వచ్చేటప్పుడు వేరుశనగ ఉండలు మూట కట్టి, "మీరు తోడుండారని మాకు ధైర్యమన్నా," అంది.

తిరిగి వచ్చాక బాలసుబ్బయ్య నకలు కోసం దరఖాస్తు రాయసాగాడు. కేసు నంబరు వేశాడు, సంవత్సరం వేశాడు, స్టాంపు అంటించాడు. కేసుతో సంబంధం లేనివాళ్ళు అడిగితే, ఎందుకు కావాలో కారణం రాయాలన్నాడు.

జిలానీ బాషా, "రాయండి సామీ. నేనొక మనిషిని దొంగ అనుకొని గదిలోంచి పంపించినాను. అది నిజమో కాదో తెలుసుకోవడానికి," అన్నాడు.

ముసలాయన కళ్ళద్దాలు తీసి అతని వంక చూశాడు. తర్వాత ఆ సంగతే కోర్టు భాషలోకి మార్చి రాశాడు.

పది రోజులకు నకలు చేతికొచ్చింది. ఇంగ్లీషులో ఉన్న తీర్పును బాలసుబ్బయ్య తెలుగులో చెప్పి, సారాంశం వేరే కాగితం మీద రాసిచ్చాడు. కొండయ్య కొడుకు తిమ్మయ్య గొలుసు దొంగిలించడం చూశానన్న సాక్షి, ఆ రోజు తాను ఊళ్ళోనే లేనని కోర్టులో ఒప్పుకున్నాడు. ముద్దాయి దొంగతనం చేశాడనడానికి ఏ ఆధారమూ లేదని న్యాయమూర్తి విడుదల చేశాడు. శిక్ష పడిన తిమ్మయ్య వేరే ఊరివాడు.

కువైట్‌లో దిగిన మర్నాడే జిలానీ బాషా అర్దియా బస్సెక్కాడు. లాండ్రీ వెనక ఆవిరిలో పనిచేస్తున్న తిమ్మయ్యకు ఉండల మూట ఇచ్చి, కాగితం చదివి వినిపించాడు.

తిమ్మయ్య చేయి తుడుచుకొని కాగితం అంచు తాకాడు. "ఆ మాట మళ్ళా చదువన్నా," అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. "ఆ దినం కోర్టులో ఇంగ ఇంటికి పో అన్నారు. వదిలినారని తెల్సు. నేను తప్పు చేయలేదని రాసిపెట్టినారని నాకు తెలీదు. ఏడేండ్లు తెలీదు."

జిలానీ బాషా క్షమించమని అడిగాడు. తిమ్మయ్య అతని భుజం మీద చేయి వేసి అలాగే నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఇద్దరూ కఫీల్ దగ్గరకు వెళ్ళారు. జిలానీ బాషా తనకు వచ్చిన అరబ్బీలో తీర్పు సంగతి వివరించాడు. ఇఖామా పొడిగింపు అయింది. ఫహాహీల్ గదికి తిరిగి రమ్మని ఎంత పిలిచినా తిమ్మయ్య రాలేదు. ఇక్కడే బాగుందన్నాడు. టేప్ రికార్డర్ ఎవరు తీశారో చివరిదాకా తెలియలేదు.

ఆ శుక్రవారం గదిలో అన్నాలు పెట్టుకోకముందే జిలానీ బాషా ఆ కాగితాన్ని అందరి మధ్య చదివాడు. దావూద్ ముఖం వాడిపోయింది. కొంతమంది లేచి వెళ్ళబోతే జిలానీ బాషా ఆగమన్నాడు.

"ఇందులో దావూద్ తప్పు ఎంతో నా తప్పూ అంతే," అన్నాడు. "ఈ కాగితం ఏడేండ్లుగా కోర్టులోనే ఉంది. ఎవరు అడిగినా ఇచ్చేదే. మనం అడగలేదు, చెవిన పడిందే నమ్మినాం. ఒకని మీద కేసు ఉందని వింటే, అది వానిదేనా, ఎట్లా ముగిసింది అని చదివి తెలుసుకోండి. అంత ఓపిక లేకపోతే ఆ మనిషిని దొంగ అనే హక్కు మనకు లేదు."