ఆడనిది

"నీకేం తగ్గదమ్మా, నువ్వు ఆడటం లేదుగా!" అని మా ఆయన హాల్లో కోడలికి ధైర్యం చెబుతున్నారు. నేను వంటింట్లో అడుగంటిన పాలగిన్నె తోముతున్నాను. జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద చెయ్యి వేసినంత ప్రేమగా అన్నారు ఆ మాట. అయినా ఎందుకో నా చేతిలో పీచు ఆగిపోయింది.

మా ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. రిటైరయ్యాక మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టాలి కాబట్టి ఈయనకి ఆడవాళ్ళ టెన్నిస్ పట్టింది. కోడలు టెన్నిస్ ఆడే పిల్ల కావడంతో మొదట్లో నాకూ ముచ్చటేసింది. టెన్నిస్ సంఘం వాళ్ళిచ్చే ర్యాంకులు తప్పుల తడకంటారు ఈయన. అందులో టోర్నమెంట్లో సంపాదించిన పాయింట్లు ఏడాది తిరిగేసరికి రాలిపోతాయి. ఆడుతూ ఉంటేనే ర్యాంకు, మంచమెక్కితే సున్నా. "కాలు విరిగినంత మాత్రాన ఆట మర్చిపోతుందా? ఇదేం న్యాయం?" అని తనే ఇంకో పద్ధతి కట్టారు. అందులో ప్రతి పిల్లకీ ఒక అంకె ఉంటుంది. తనకన్నా గట్టిదాన్ని ఓడిస్తే ఆ అంకె బాగా పెరుగుతుంది, తనకన్నా చిన్నదాని చేతిలో ఓడితే దబ్బున పడుతుంది. అసలు ఆడకపోతే ఎక్కడిదక్కడే ఉంటుంది. క్లబ్బులో అందరూ భేష్ అన్నారట. నాకు చెప్పినప్పుడు నేనూ అన్నాను.

కోడలు కాన్పుకని ఆట ఆపింది. ఏడాది దాటేసరికి సంఘం జాబితాలోంచి పేరే లేచిపోయింది. మామగారి జాబితాలో మాత్రం ఆరో స్థానంలో అలాగే కూర్చుని ఉంది. ఇంటికి ఎవరొచ్చినా కంప్యూటర్ తెరిచి, "మా కోడలు ఆరోది" అని చూపిస్తారు. వచ్చినవాళ్ళు "అబ్బో!" అంటారు. ఆ ఆరోది వాళ్ళకి టీ ఇచ్చి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికొస్తుంది. తను కడుగుతుంది, నేను తుడుస్తాను.

వచ్చే వారం వేరే ఊళ్ళో టోర్నమెంటు ఉంది. ఈ సాయంత్రంలోగా పేరివ్వాలి. పాప నిద్రపోయినప్పుడల్లా ఆ పిల్ల మా బిల్డింగు వెనక గోడకి బంతి కొట్టుకుంటూ ఉండేది. కిటికీలోంచి ఆ చప్పుడు వినిపిస్తూంటే ఇంట్లో ఇంకో గుండె కొట్టుకుంటున్నట్టు ఉండేది నాకు. పాప ఏడిస్తే చప్పుడు ఆగేది. కింది వాటా ఆవిడ కసిరితే ఆగేది. నాలుగు రోజుల నుంచి మరి వినపడటం లేదు.

మా అబ్బాయి చెడ్డవాడేం కాదు. పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనడు. నవ్వుతూనే చెబుతాడు. "ఇప్పుడు పోయి స్కూలు పిల్లల చేతిలో ఓడితే ఉన్న అంకె కూడా పోతుంది. హాయిగా ఆరులో ఉన్నావు, నీకెందుకీ తిప్పలు? పాపని ఎవరు చూస్తారు? అమ్మకా, మోకాళ్ళ నొప్పులు." నా మోకాళ్ళని నన్నడక్కుండానే సాక్ష్యానికి పిలిచాడు. వాళ్ళ నాన్న అందుకున్నారు. "ఓడిపోయి వచ్చాక నిద్ర లేదు, పాప ఏడ్చింది అంటావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుందమ్మా!" అందరూ నవ్వారు. కోడలూ నవ్వింది. ఈ ఇంట్లో జోకులకి నవ్వడం కూడా మా పనే.

నాకు మాత్రం ఆ పిల్ల వెళ్ళడం ఇష్టమా? సంచి జిప్పు చప్పుడు వింటే చాలు, చేస్తున్న పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేస్తాను. మా అమ్మ బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి "మళ్ళీ ఆదివారం వస్తాలే" అంది. మా అక్క ఆసుపత్రికి తన కాళ్ళతో తనే నడిచి వెళ్ళింది. ఇద్దరూ తిరిగి రాలేదు. అప్పట్నుంచీ గడప దాటిన మనిషి మళ్ళీ కనపడేదాకా నాకు ముద్ద దిగదు. ఈ పిల్ల వెళ్తే దారిలో ఏమవుతుందో, అక్కడ గాలి తగిలి ఇల్లు మర్చిపోతుందో. ఆగిపోతే బాగుండునని ఓ మూల నాకూ ఉంది. ఆ మాట పైకనకుండా గిన్నె తోముతున్నాను.

"ఏమే, ఇటొచ్చి చూడు, నీ కోడలి వైభోగం!" అని పిలిచారు ఆయన. చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను. తెర నిండా పేర్లు. నాది బడిలో నేర్చిన చదువు కాదు. అలమర అరల్లో పరిచిన పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది. కళ్ళజోడు లోపలే మర్చిపోయాను. కోడలి పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఏదో ఉంటే పైకి చదివాను. "ఆ...డ...ది. ఇదేంటండీ, ఆడవాళ్ళ జాబితాలో మళ్ళీ ఆడది అని రాయడమెందుకు?"

తండ్రీకొడుకులు విరగబడి నవ్వారు. "ఆడది కాదే తల్లీ, ఆడనిది! ఈ మధ్య ఆడనిది అని గుర్తు. మధ్యలో 'ని' మింగేశావు."

"అమ్మ చదువు అమ్మదే!" అన్నాడు అబ్బాయి.

కోడలు కూడా నవ్వబోయి ఆగింది. "ఒక్క అక్షరమేగా అత్తయ్యా తేడా," అంది మెల్లిగా. వాళ్ళు ఇంకా నవ్వుతున్నారు, వినలేదు.

నేను విన్నాను. విని అక్కడే నిలబడిపోయాను. పెళ్ళయిన కొత్తలో నేను ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాస్తానంటే ఈయన ఇంతే ప్రేమగా అన్నారు, "నీకెందుకే పరీక్షలు? నీ తెలివి నాకు తెలియదా? ఖర్మకాలి ఫెయిలైతే ఏడుస్తావు." నేను రాయలేదు, ఫెయిలవలేదు. ఇంతవరకూ దేన్లోనూ ఫెయిలవలేదు. "మా ఆవిడలాంటి ఇల్లాలు ఎక్కడా ఉండదు" అని ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతారు. నన్ను ఎవరితో పోల్చి చూశారని? నేను ఎవరితో ఆడానని? ఎక్కడికీ వెళ్ళని మనిషి అంకె ఎక్కడ తగ్గుతుంది? తగ్గనివ్వకుండా నన్ను ఎంత భద్రంగా కూర్చోబెట్టారు!

"సరే మామయ్యా, రావట్లేదని చెప్పేస్తాను," అని కోడలు ఫోను తీసింది.

"పేరివ్వు," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పాపనెత్తుకుని నేనూ వస్తాను. నువ్వు ఆడుకునేటప్పుడు నేను చూసుకుంటాను."

"నువ్వా? బస్సెక్కితే నీకు గుండెదడ!" అన్నారు ఆయన.

"ఇక్కడ మాత్రం లేదా?"

"మరి మా సంగతి?" ఈసారి నిజంగానే కంగారుపడ్డారు.

"పొయ్యెక్కడుందో తెలుసుగా," అన్నాను.

ఆయన అబ్బాయి వైపు చూశారు, అబ్బాయి నా మోకాళ్ళ వైపు చూశాడు. ఇంకేమైనా అంటారేమోనని నేను గబగబా వంటింట్లోకి వచ్చేశాను. తోమిన గిన్నే మళ్ళీ తోమడం మొదలుపెట్టాను. వచ్చే వారం బస్సులో ఈ పిల్లనీ పసిదాన్నీ పట్టుకుని ఎలా కూర్చుంటానో నాకే తెలియదు.

కోడలు పాపని చంకనేసుకుని వెనకే వచ్చింది. పేరిచ్చేసిందట. మొహం పాలిపోయి ఉంది. "అత్తయ్యా, మొదటి మ్యాచే ఓడిపోతానేమో!"

"ఓడిపో," అన్నాను. "ఓడిపోవాలన్నా ముందు ఇంట్లోంచి బయటికెళ్ళాలి కదమ్మా."