నవ్వుకు వదిలిన జాగా

నా సినిమాల్లో ప్రతి జోకు తర్వాతా కాస్త ఖాళీ ఉంటుంది. మాట పడుతుంది, హాలు నవ్వుతుంది, ఆ నవ్వు తగ్గేదాకా తెరమీది మనిషి ఏదో చిన్న పని చేసుకుంటాడు. చొక్కా గుండీ పెట్టుకోవడమో, కుర్చీ జరుపుకోవడమో. తగ్గాకే రెండో మాట. ఈ సంగతి తెలియనివాడు హాస్యం తీస్తే రెండో జోకు మొదటి జోకు నవ్వులో కొట్టుకుపోతుంది. ఆ ఖాళీని మేం జాగా అంటాం. ఎంత జాగా వదలాలన్నది ఎవరి లెక్క వారిది. నా లెక్క మా ఆవిడ.

ఆ జాగాలన్నీ తీసెయ్యాలని మొన్న ఒక కంపెనీవాళ్లు కబురు పెట్టారు. నేను తీసిన ఆరు సినిమాలనూ జనం ఫోన్లలో చూసుకునేలా పెడతారట. ముందుగా మూడోది. దానికొక ఎడిటర్ అమ్మాయిని పెట్టారు. ముప్పై అయిదేళ్లుంటాయి, నెమ్మదస్తురాలు, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. కిటికీ లేని గదిలో రెండు తెరల ముందు నన్ను కూర్చోబెట్టి, మొదటి రోజే మొహమాటం లేకుండా చెప్పింది.

"ఫోన్లో ఒక్కళ్లే చూస్తారు సార్. పక్కన నవ్వేవాళ్లుండరు. మీరు జాగా వదిలినచోట ఫోను ఆగిపోయిందనుకుంటారు."

నాకు ఒళ్లు మండింది. ముక్కు మీద కోపం మనిషినని నాకు ఎలాగూ పేరుంది, దాన్ని నిలబెట్టుకున్నాను. ఒక్క జాగా ముట్టుకున్నా ఒప్పందం కాగితాలు చింపి చేతిలో పెడతానన్నాను. ఆమె మంచినీళ్ల సీసా నా వైపు జరిపింది. ఆమె మీద అరిచాను గానీ, ఆమె చెప్పింది అబద్ధం కాదని నాకూ తెలుసు. నేను కట్టిందంతా పక్క కుర్చీలో మనిషి ఉంటాడన్న నమ్మకం మీద కట్టాను.

నా బతుకు కథ చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. మందుల దుకాణంలో చీటీలు చదివి మందులిచ్చే ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో నాటకాలాడేవాణ్ని. సినిమాలో మొదటి వేషం గుమస్తాది, ఉన్నది ఒక్క మాట. కెమెరా తిరిగింది. అధికారి వేషం కట్టిన పెద్ద నటుడు నన్ను అడగాల్సింది అడిగాడు. ఉన్న ఆ ఒక్క మాటా నా బుర్రలోంచి ఎగిరిపోయింది. గుర్తొచ్చేదాకా నెట్టుకొద్దామని చెవి వెనక చెయ్యి పెట్టి, మెడ చాచి "ఆఁ?" అన్నాను. ఆయన మళ్లీ అడిగాడు. నేను మళ్లీ "ఆఁ?" అన్నాను. లైట్లు పట్టుకున్నవాళ్లు నోట్లో తుండుగుడ్డలు కుక్కుకున్నారు. మెడ పట్టి గెంటుతారనుకుంటే వేషం పెంచారు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు నేను చెవిటివాణ్నే. చెవిటి గుమస్తా, చెవిటి వంటవాడు, చెవిటి దొంగ, చెవిటి పెళ్లికొడుకు, ఒకసారి చెవిటి జడ్జి. వీధిలో నడుస్తుంటే ఏ మేడ మీంచో ఎవరో ఒకరు చెవి వెనక చెయ్యి పెట్టేవారు. బ్యాంకులో, బస్సులో, మా నాన్న పోయిన రోజు ఆసుపత్రి మెట్ల మీద కూడా. ఎవరు "ఆఁ?" అన్నా నేనూ తిరిగి అనేవాణ్ని. అది నా తిండి. నిజానికి నావి పాము చెవులు. మూడు గదుల అవతల ఎవరైనా నవ్వాపుకుంటున్నా నాకు తెలిసిపోతుంది. ఈ నెల దాకా అలాగే అనుకున్నాను.

దర్శకుణ్నయ్యాక ప్రతి సినిమా విడుదలకు ముందు ముప్పై ఆరు కుర్చీల చిన్న హాల్లో చుట్టాలకూ స్నేహితులకూ చూపించేవాణ్ని. నేను తెర వంక చూసేవాణ్ని కాదు. వెనక గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, నవ్వులు వినేవాణ్ని. జనం మొహాలు కనపడేలా తెర కింద ఒక చిన్న కెమెరా కూడా పెట్టించేవాణ్ని. పెట్టించడమేగానీ ఆ టేపులు ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. నా చెవుల మీద నాకంత నమ్మకం.

మా ఆవిడ రెండో వరసలో చివరి కుర్చీలో కూర్చునేది. మొదటి సినిమాకి అందరితో పాటే నవ్వింది. రెండో సినిమా నుంచి ఆవిడ నవ్వు ఆలస్యంగా రావడం మొదలైంది. హాలంతా నవ్వేస్తుంది. ఒకటి, రెండు, మూడు. అప్పుడు ఆవిడ. పైకి లేచి చివర్లో కాస్త విరిగే నవ్వు. అందరూ సద్దుమణిగాక ఆ ఒక్క నవ్వే మిగిలేది. అది పూర్తయ్యేదాకా నేను తర్వాతి మాట పడనిచ్చేవాణ్ని కాదు. నా పాత ఎడిటర్‌ని అందరం కత్తెర అనేవాళ్లం, ఇప్పుడు లేడు పాపం. ఈ జాగాలో బయటికెళ్లి టీ తాగి రావచ్చని నన్ను తిట్టిపోసేవాడు. పత్రికలవాళ్లు మాత్రం నా హాస్యంలో తీరిక ఉందని మెచ్చుకున్నారు. ఆ తీరిక నాది కాదు, మా ఆవిడది.

దాన్ని కూడా జోకు చేశాను. ఒక సన్మాన సభలో మైకు పట్టుకుని, మా ఇంటావిడకు జోకు అర్థం కావాలంటే మూడు లెక్కపెట్టాలని చెప్పాను. సభ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మూడు తర్వాత ఆవిడా నవ్వింది. సభ మళ్లీ నవ్వింది.

వేషాలు ఆగిపోయి ఏడేళ్లు. పిల్లల్లేరు. ఇంట్లో మేమిద్దరమే, మూడు గదులు, వరండాలో రెండు కుర్చీలు. మాటలు ఎప్పుడు తగ్గాయో చెప్పలేను. పేపరు వెనకనుంచి నేనేదో అంటాను, ఆవిడ పలకదు. స్నానాల గదిలోంచి కేకేస్తాను, పలకదు. విసిగిపోయిందనుకున్నాను. ఎన్ని జోకులని భరిస్తుంది, వయసు మీరిన కాపురాలన్నీ ఇంతేనేమో అని నాకు నేనే సర్దిచెప్పుకుని, నేనూ మూతి ముడుచుకుని కూర్చున్నాను. కానీ నిజం చెప్పాలంటే నాకు మిగిలిన కోరిక ఒక్కటే. నా మాటకి ఆవిడ మళ్లీ ఒక్కసారి అలా నవ్వాలి. ఆ నవ్వు ఇంట్లో లేదు. ఇన్ని జాగాల్లో దాచుకున్నాను, అక్కడే ఉంది. దాన్ని కోసి పారేస్తామంటే ఎలా ఊరుకుంటాను?

నాలుగో రోజు ఎడిటర్ అమ్మాయి ఒక టేపు బయటికి తీసింది. కత్తెర దాచిన పెట్టెలో దొరికిందట. మూడో సినిమా చూస్తున్న జనం మొహాలు. ఒక తెర మీద సినిమా, పక్క తెర మీద ఆ మొహాలు, రెంటినీ కలిపి నడిపించింది. ఎక్కడ ఎంత నవ్వారో చూసి, అవసరమైన జాగాలు ఉంచుదాం సార్ అంది. నాకోసమే అంత కష్టపడిందని తెలిసి కాస్త మెత్తబడ్డాను. ఆ ముప్పై ఆరు మందిలో సగం మంది ఇప్పుడు లేరు. మా ఆవిడ రెండో వరస చివర, అప్పటికి నలభై ఏళ్ల మనిషి, ఒళ్లో చేతిసంచి పట్టుకుని కూర్చుంది. నేను ఆ తెర దగ్గరికి కుర్చీ లాక్కున్నాను.

పావుగంట గడిచింది. ఎడిటర్ అమ్మాయి వెనక్కి తిప్పి, మళ్లీ వేసింది. మళ్లీ తిప్పింది.

"సార్, మేడమ్ సినిమా చూడట్లేదు."

నిజమే. మా ఆవిడ కళ్లు తెర మీద లేవు. పక్కన కూర్చున్న తన చెల్లెలి భుజాల మీద ఉన్నాయి. భుజాలు కదులుతాయి. ఆవిడ అటు ఒకసారి, ముందు వరస మీదికి ఒకసారి చూస్తుంది. అప్పుడు నవ్వుతుంది. ఒకటి చెల్లెలికి, రెండు ముందు వరసకి, మూడు నవ్వుకి. నేను గోడకు ఆనుకుని గర్వంగా లెక్కపెట్టుకున్న మూడు అదే.

ఒక్కచోట మాత్రం అలా జరగలేదు. నేను ఫైళ్ల దొంతర ఎత్తుకుని మెట్ల మీంచి జారిపడే ఘట్టం, అందులో మాటే లేదు. అక్కడ హాలు మొత్తంలో అందరికంటే ముందు నవ్వింది మా ఆవిడ. తల వెనక్కి వాల్చి, ఎవరి వంకా చూడకుండా నవ్వింది.

"మా పెద్దమ్మ కూడా ఇలాగే పక్కవాళ్లని చూసి నవ్వేది సార్. మేడమ్‌కి వినపడదా?" అంది ఎడిటర్ అమ్మాయి, చాలా నెమ్మదిగా.

నీ పని నువ్వు చూసుకో, నా ఇంటి సంగతి నీకెందుకని కసిరి బయటికొచ్చేశాను. చెప్పులు తారుమారుగా వేసుకున్నానని బస్సు ఎక్కాక గానీ తెలియలేదు. 

దారి పొడుగునా ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మా ఆవిడ ఒకప్పుడు మీసం తీసెయ్యమని నా వెంటపడి పోరింది. అందం తెలియని మనిషని నలుగురిలో ఎగతాళి చేస్తూనే తీసేశాను. ఆవిడకి కావలసింది నా పెదాలు కనపడడం. భోజనాల బల్ల మీద పట్టపగలు కూడా దీపం వెయ్యమనేది. ఫోను మోగితే ఎత్తేది కాదు, గొప్పలు పోతోందనుకున్నాను. నడిచేటప్పుడు ఎప్పుడూ నా కుడి పక్కకే వచ్చేది. అన్నిటికంటే ఇంకొకటి. ఏ ఇంట్లోనైనా రోజుకు పదిసార్లు ఎవరో ఒకరు "ఆఁ?" అంటారు. వంటింట్లోంచి, మేడ మీంచి, నిద్రమత్తులో. మా ఇంట్లో మా ఆవిడ, రెండో సినిమా నాటి నుంచి ఈ ఇరవై ఆరేళ్లలో, ఒక్కసారి కూడా అనలేదు. పాము చెవులవాణ్ని, ఆ లేని మాట నాకు వినపడలేదు.

ఇంటికి వెళ్లేసరికి ఎండ ఇంకా కిటికీలో ఉంది. ఆవిడ గుమ్మానికి వీపు పెట్టి మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "ఏమోయ్" అన్నాను. ఇంకాస్త గట్టిగా అన్నాను. మడతపెడుతూనే ఉంది. మూడోసారి నోరు తెరిచి, సిగ్గేసి మూసుకున్నాను. సొంత భార్యను పరీక్ష పెడుతున్నాను. వెళ్లి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"నీకు వినపడదు కదూ."

నా పెదాల వంక చూసింది. ఉలిక్కిపడలేదు. ఇంకా ఎప్పటికి కనిపెడతారా అనుకున్నానంది. ముందు కుడి చెవి పోయిందట, రెండో సినిమా తీసేటప్పుడు. ఎడమ చెవి తర్వాత నెమ్మదిగా పోయింది. చెల్లెల్ని వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లింది. చెవికి పెట్టుకునే మిషను ఉంది, బీరువాలో చీరల కింద. నేను షూటింగులకి వెళ్లినన్నాళ్లూ పెట్టుకుని, గుమ్మంలో నన్ను చూడగానే తీసేసేది. నేను ఇంట్లోనే ఉండిపోయిన ఈ ఏడేళ్లూ పెట్టుకోవడానికి వీలు పడలేదు. ఇదంతా ఆవిడ బట్టల దుకాణంలో చీర రంగు గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

చేతిలో చొక్కా ఒళ్లో పెట్టుకుంది. నా వైపు ఒక్క క్షణం చూసింది. చెవి వెనక చెయ్యి పెట్టి, మెడ చాచి, కనురెప్పలు టపటపలాడించింది.

"ఆఁ?"

నవ్వొచ్చేసింది. ఆపుకోవాలనే చూశాను, నా వల్ల కాలేదు. అంత బాగా చేసింది. నలభై ఏళ్ల వృత్తిలో నేను కూడా అంత కచ్చితంగా చేసి ఎరగను. మంచం కోడు పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా భుజాల వంక చూస్తూ కూర్చుంది. నా నవ్వు తగ్గేదాకా ఒళ్లోని చొక్కాకి గుండీ ఒకటి పెడుతూ, ఆగింది. తగ్గాక అంది.

"అందుకే."

చొక్కా మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. ఇన్నేళ్లలో నా దగ్గర మాట లేకపోవడం రెండోసారి. మొదటిసారి ఆ లేమికే నాకు పేరొచ్చింది. ఒకటి, రెండు, మూడు అని అలవాటుగా లెక్కపెట్టాను. ఆవిడ నవ్వు రాలేదు. ఇక రాదు. అది నా మాటకి వచ్చిన నవ్వు ఎప్పుడూ కాదు. నేను చిన్నబోకూడదని, తాను బయటపడకూడదని ఇరవై ఆరేళ్లు చేసిన చాకిరీ. హాలంతా నవ్వుతుంటే మధ్యలో ఒక్కతే కూర్చుంది. ఆ వెనకే గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని నేను.

మంచం మీద, ఆవిడ మోచేతి పక్కనే పెట్టిన నా ఫోను మోగింది. ఆవిడ తువ్వాలు మడతపెడుతూనే ఉంది. నేను వంగి అందుకున్నాను. ఎడిటర్ అమ్మాయి. పొరపాటున మాట జారానని, ఏమీ అనుకోవద్దని అంది. తప్పు నాదేనన్నాను. మరి జాగాల సంగతేమిటని అడిగింది. అన్నీ తీసెయ్యమన్నాను. మెట్ల మీద పడ్డచోటు మాత్రం అలాగే ఉంచమన్నాను. అక్కడ జాగా ఎక్కువేం లేదు సార్ అంది. అక్కడ అక్కర్లేదమ్మా అని పెట్టేశాను.

ఎవరన్నట్టు మా ఆవిడ తలెత్తింది. నేను కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, వెలుగు నా మొహం మీద పడేలా కూర్చున్నాను. ఎవరు చేశారో, ఏమడిగారో, ఏం చెప్పానో ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాను. మధ్యలో ఏదో మాట జారిపోయినట్టుంది. కనుబొమ్మలు ముడిచి కాస్త ముందుకు వంగింది. చెవి వెనక చెయ్యి పెట్టలేదు.

"ఆఁ?" అంది.

నేను నవ్వలేదు. మళ్లీ చెప్పాను.