ఆరింటి పిలుపు

మా వదిన రొవీనా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఆ సంగతి తెలిసే బండిలో ఆమె కోసం మంచం చెక్క కోశాను. బిగించాక టేపు పెట్టి చూస్తే ఆరడుగుల మూడంగుళాలు ఉంది. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అంతే.

పక్క షెడ్డులో పడవ ఇంజన్లు బాగుచేసే మెర్వ్ టీ కప్పు పట్టుకుని వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"ఒరేయ్ లయల్, ఇదెవరికిరా? ఈము పక్షిని కూడా వెంటేసుకుని పోతున్నావా?"

"పొడుగ్గా ఉంటే సామాన్లు పెట్టుకోవచ్చు."

"అబ్బో! సామాన్లకి పరుపు కూడానా!"

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను రంపం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కోయలేదు.

బండి మా అన్న క్లెమ్‌ది. ముప్పై ఏళ్ళ నాటి డీజిల్ బండి. మూడేళ్ళ క్రితం సింప్సన్ ఎడారి ఇసుక తిన్నెల మధ్య దాని ఇరుసు విరిగింది. క్లెమ్ ఆరు రోజులు బండి నీడలో కూర్చుని, ఏడో రోజు నడక మొదలుపెట్టాడు. పదకొండు కిలోమీటర్ల అవతల శవమై దొరికాడు. బండిని వదిలి పోకూడదని మా ఊరు పోర్ట్ ఆగస్టాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. "అన్నీ తెలిసినవాడు ఎందుకు వదిలాడు?" అని అతని భార్య రొవీనా ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది. ఆ చోట ఒక్క రాత్రి పడుకోవాలని ఆమె కోరిక. బండిని నన్నే సిద్ధం చెయ్యమంది, నన్నే తీసుకెళ్ళమంది. శనివారం ప్రయాణం.

ఎడారికి వెళ్ళినవాడు రోజూ సాయంత్రం ఆరింటికి రేడియోలో పిలవాలి. ఇంట్లో ఉన్నవాడు వినాలి. వరసగా రెండు సాయంత్రాలు పిలుపు రాకపోతే పోలీసులకి చెప్పాలి. అంటే మా దగ్గర మౌనం కూడా పిలుపే. రేడియో చెడిపోయినవాడు సైతం కదలకుండా కూర్చోగలిగేది ఆ నమ్మకంతోనే.

క్లెమ్ కోసం వినవలసినవాణ్ణి నేను. ఆ వారం నేను రేడియో పెట్టలేదు. పెద్ద కారణమేమీ లేదు. వెళ్ళే ముందు నలుగురిలో నా పనిని వెక్కిరించాడు. కొన్నాళ్ళు ఆ గొంతు వినకుండా ఉండాలనిపించింది. రొవీనా రోజూ ఫోన్ చేసి "పిలిచాడా?" అంటే, "పిలిచాడు, అంతా బాగుందట, ఈగలే ఎక్కువట" అనేవాణ్ణి. రెండో రోజుకే ఆ మాట క్లెమ్ గొంతులో నాకు నిజంగా వినిపించడం మొదలైంది. అతను తిరిగి రావలసిన రోజు దాటాక గానీ ఎవరూ వెతకడానికి బయలుదేరలేదు.

క్లెమ్ ఎత్తుకి సరిపోయే ఆ మంచం ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్ణేమో. నీళ్ళ ట్యాంకు కుళాయి ఎడమ చేతికి అందేలా బిగించాను. కత్తుల సొరుగు ఎడమ చేతికే తెరుచుకుంది. క్లెమ్‌ది ఎడమచేతి వాటం. నాదీ రొవీనాదీ కాదు. పని చేస్తున్నంతసేపూ నా మనసులో ఏ ఆలోచనా ఉండేది కాదు. నన్ను భయపెట్టింది అదే. పని ముగిశాక చేతులు కడుక్కుని, వాటిని మోకాళ్ళ మీద పెట్టుకుని, వేరెవరివో చూసినట్టు చూసేవాణ్ణి.

గురువారం పక్క గోడ లోపలి రేకు విప్పాను. రేడియోకి కరెంటు తెచ్చే తీగ బయటపడింది. రేకు బయటికి వచ్చినచోట దాన్ని పళ్ళతో ఒలిచి, మెలిపెట్టి, నీలం గళ్ళ చొక్కా పీలిక చుట్టి ఉంది. కనిపించిన మేరకు క్లెమ్ బాగుచేసుకున్నాడు. అసలు తెగింది జానెడు అవతల, రేకు వెనక. అంటే ఆ రేడియో ఒక్కసారి కూడా పలికి ఉండదు. ఆరు రోజులూ అతను కూర్చున్నది తన మౌనాన్ని నేను వింటానని.

తీగను కత్తిరించి మేకుల డబ్బాలో అడుగున పెట్టి మూత బిగించాను. అది నాకు స్పష్టంగా గుర్తుంది.

శుక్రవారం సాయంత్రం రొవీనా మాంసం కూరి కాల్చిన పైలు పట్టుకుని వచ్చింది. మంచం మీద పడుకుని, పాదాల కింద మిగిలిన చోటు చూసింది. కుళాయి తిప్పబోయి చెయ్యి మార్చుకుంది.

"ఇది నాకు చేశావా, లయల్?"

"నీకే."

"నాకు చేసినట్టు లేదే." నవ్వబోయింది. "క్లెమ్ చూసుంటే జన్మలో మొదటిసారి నీ పని మెచ్చుకునేవాడు."

టీ కప్పు కోసం బల్ల దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. కప్పులు తగిలించే కొక్కేనికి ఆ తీగ వేలాడుతోంది. మేకుల డబ్బా మూత బిగించినట్టే ఉంది.

ఆమె గుడ్డ పీలికను వేళ్ళతో తడిమింది. తెగిన కొసని గోటితో గీకింది. క్లెమ్ పక్కన ఇరవై ఏళ్ళు బండ్లు విప్పిన మనిషి. నేను చెప్పవలసినదేమీ లేదు.

"రేడియో పని చెయ్యలేదు," అంది.

"లేదు."

"మరి ఈగలు?"

"నేను వినలేదు, రొవీనా. అసలు పెట్టనే లేదు. రోజూ అబద్ధం చెప్పాను."

ఆమె అరవలేదు. "శవపేటిక పక్కన నిలబడి తిట్టాను క్లెమ్‌ని," అంది. "తెలివితక్కువ వెధవా అని." తీగను మడిచి జేబులో పెట్టుకుంది. "రేపు నువ్వు రావద్దు. నేనొక్కదాన్నే పోతాను. ఆరింటికి నువ్వు విను. నేను పిలుస్తానో లేదో నాకే తెలీదు. నువ్వు మాత్రం విను."

ఆమె వెళ్ళాక కొత్త తీగ వేశాను. నా చేతుల్ని నమ్మక మెర్వ్‌ని పిలిచి ప్రతి అతుకూ చూపించాను.

శనివారం ఆరింటికి రేడియో ముందు కూర్చున్నాను. గరగర. తర్వాత, చాలా దగ్గరగా, "అంతా బాగుంది, లయల్. ఈగలే ఎక్కువ."

రొవీనా గొంతు కాదు అది.

ఆదివారం మెర్వ్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆరయింది. "అంతా బాగుంది. ఎవరినీ కంగారుపెట్టకు," అంది క్లెమ్ గొంతు, ఎప్పటిలాగే వెక్కిరింపుగా.

"ఏం విన్నావురా?" అన్నాను.

"గరగర తప్ప ఏముంది? నీకేం వినిపించింది? ముఖం అలా అయిపోయిందేం?"

ఆ గొంతు నా చెవికి ఎంత స్పష్టంగా ఉందంటే, ఊపిరి కూడా వినిపిస్తోంది. అయినా మెర్వ్ చెవినే నమ్మి, ఫోన్ తీసి పోలీసుల నంబరు నొక్కాను.

"మా వదిన ఎడారిలో ఉంది. రెండు సాయంత్రాలుగా పిలుపు రాలేదు," అన్నాను.

వెనక స్పీకరులో ఈగలు ముసురుతున్న చప్పుడు.