గొర్రెపిల్ల అచ్చులో ఎడమ సగం

నేను ఒక మట్టి అచ్చును. కాదు, సరిగ్గా చెప్పాలంటే సగం అచ్చును. మూతి నుంచి తోక దాకా నిలువునా చీల్చిన గొర్రెపిల్లలో ఎడమ భాగం నాది. ఒక కన్ను, ఒక చెవి, రెండు కాళ్లు. మిగతాదంతా నా జోడు దగ్గర ఉంటుంది. మా ఇద్దరినీ కలిపి కమ్మీ బిగించి, పిండి పోసి కాలిస్తే కూర్చున్న గొర్రెపిల్ల ఆకారంలో కేకు వస్తుంది. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఈమాత్రం దానికి మనుషులు నన్ను ఇంత దూరం తిప్పి, ఇంత అలసిపోయేలా చెయ్యాల్సింది కాదు.

నేను పుట్టింది ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున, అల్జాస్ సీమలో, ఒక కుమ్మరి ఇంట్లో. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలంలో అక్కడివాళ్లు పూర్వం గుడ్లు ముట్టేవాళ్లు కాదట. కోళ్లకు ఆ సంగతి తెలియదు కదా, అవి పెడుతూనే ఉండేవి. పోగుపడ్డ గుడ్లు పాడవకుండా పండగకు ఈ కేకు చేసేవాళ్లు. పైన పంచదార పొడి చల్లి, వీపున చిన్న కాగితపు జెండా గుచ్చి పొద్దున్నే పిల్లల చేతికి ఇచ్చేవాళ్లు. ఆ సీమలో పండగ గుడ్లను కుందేలు తెచ్చి తోటలో దాస్తుందని చెబుతారు. మిగతా ఫ్రాన్సులో చాలాచోట్ల గంటలు తెస్తాయంటారు. పండగ ముందు గురువారం నుంచి చర్చి గంటలు మోగవు కనక అవి రోముకు వెళ్లాయనీ, తిరిగొస్తూ తోటల్లో గుడ్లు జారవిడుస్తాయనీ. కుందేలుకు పేరొచ్చింది, గంటకు పేరొచ్చింది. కోడి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

నన్ను ఒదీల్ అనే విధవరాలు కొన్నది. ఆమె ఇంటి మేడగదిలో ఇన్నాసి అనే సిపాయి అద్దెకు ఉండేవాడు. అతనిది యానాం. అప్పట్లో యానాం ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండేది. అందుకే గోదావరి ఒడ్డున పుట్టినవాడు వాళ్ల సైన్యంలో చేరి ఆ చలిదేశంలో తేలాడు. ఒక పండగనాడు ఒంటరిగా కూర్చున్న అతన్ని ఒదీల్ కిందికి పిలిచి గొర్రెపిల్ల చెవి తుంచి పెట్టింది. అతను అది నములుతూ ఏడ్చేశాడు. పంచదార తక్కువైందేమోనని ఆమె కంగారుపడింది. అతను ఇంటికి బయలుదేరిన రోజు మా ఇద్దరినీ గడ్డిలో చుట్టి అతని ట్రంకుపెట్టెలో పెట్టింది.

యానాంలో పెట్టె తెరిచినప్పుడు ఇన్నాసి భార్య సిసిలమ్మ నన్ను తిరగేసి మరగేసి చూసింది.

"ఇదేంటండీ, మేకా కుక్కా?"

"గొర్రెపిల్లే. దేవుడి గొర్రెపిల్ల."

"దేవుడి గొర్రెపిల్లని కాల్చుకు తింటారా ఆళ్లు? బానే ఉంది సంబడం!"

అంటూనే మూకుడులో ఇసుక పోసి, మమ్మల్ని అందులో నిలబెట్టి, కింద నిప్పులు, పైన రేకు మీద నిప్పులు పెట్టి కాల్చింది. గొర్రెపిల్ల వచ్చింది, కానీ మెడ దగ్గర తల ఊడి పళ్లెంలో పడింది. సిసిలమ్మ కొబ్బరి చీపురు పుల్ల విరిచి తలను గుచ్చి నిలబెట్టింది. ఆ తర్వాత ఏ ఏడూ ఆ తల తనంతట తాను నిలబడలేదు. చీపురు పుల్ల లేకుండా ఆ ఇంట్లో ఈస్టరు లేదు.

వాళ్లకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది మగ్దలీన, చిన్నది అగాత. గంటలు రోముకు వెళ్లాయని తండ్రి చెబితే, "లాంచీ మీదెల్లాయా నాన్నా, బండి మీదెల్లాయా?" అని అడిగేవాళ్లు. శనివారం సాయంత్రం నాకు వెన్న రాసే పని మగ్దలీనది, నా జోడుకు రాసే పని అగాతది. పండగ పొద్దున పూజ నుంచి రాగానే ఎడమ చెవి అక్క తినేది, కుడి చెవి చెల్లెలు తినేది. ఆ తర్వాతే మిగతావాళ్లకు కేకు. ఆ రోజుల్లో నాకు అలసట అంటే ఏమిటో తెలియదు.

ఇద్దరికీ ఆ ఊళ్లోనే పెళ్లిళ్లయ్యాయి. ఇన్నాసి పోయాడు, తర్వాత సిసిలమ్మ పోయింది. సామాన్ల పంపకానికి చర్చి పెద్ద ఒకాయన వచ్చి కూర్చున్నాడు. బిందెలు, కుట్టుమిషను, మంచాలు అన్నీ సాఫీగానే తెమిలాయి. ఆఖర్న మేము మిగిలాం.

"పెద్దదాన్ని. పండగ నా ఇంట్లో జరగాలి" అంది మగ్దలీనమ్మ.

"అమ్మ పక్కన పొయ్యికాడ కూకుంది నేనక్కా. నువ్వు చెవి తినడానికే వచ్చేదానివి" అంది అగాతమ్మ.

మాట మాట పెరిగింది. అది తపస్సు కాలం, అంటే ఈస్టరు ముందటి ఉపవాసాల రోజులు, పైగా శుక్రవారం. ఆ పెద్దమనిషి పొద్దుట్నుంచీ ఉపవాసం మీద ఉన్నాడు. ఆయనకు తీర్పు కంటే గంజి మీద ధ్యాస ఎక్కువ. "రెండు ముక్కలే కదమ్మా, చెరొకటీ అట్టుకెళ్లండి" అని లేచాడు. అక్కచెల్లెళ్లు నవ్వేసి ఉంటే అంతటితో పోయేది. నవ్వలేదు. ఒకరి వంక ఒకరు చూడకుండా మమ్మల్ని చెరొకరినీ పట్టుకుపోయారు.

రెండు వీధుల అవతలే అగాతమ్మ ఇల్లు. అయినా రాకపోకలు తెగిపోయాయి. ఏడాది పొడుగునా నేను మగ్దలీనమ్మ అటక మీద పాత గొడుగుల పక్కన పడి ఉండేదాన్ని. ఈస్టరు ముందటి శనివారం మాత్రం ఆమె నన్ను దించి, కడిగి, తుడిచి, లోపలంతా వెన్న రాసేది. రాసి, గుమ్మం కనపడేలా అరుగు మీద కూర్చునేది. చీకటిపడ్డాక నన్ను మళ్లీ అటకెక్కించేది.

సగంలో పిండి పోసి కాలిస్తే సగం గొర్రెపిల్లైనా రాదా అని మీరు అడగొచ్చు. వస్తుంది. పక్కకు తిరిగి పడుకున్నట్టుగా శుభ్రంగా వస్తుంది. కానీ ఆ సగాన్ని పళ్లెంలో పెడితే తనకు చెల్లెలు లేదని ఒప్పుకున్నట్టే కదా. మగ్దలీనమ్మ అందుకు సిద్ధంగా లేదు. పోనీ, నాలుగడుగులు వేసి చెల్లెలి గుమ్మం తొక్కడానికీ సిద్ధంగా లేదు. "చిన్నది అదే రావాలి. నేనెల్లడమేంటి?" అనేది మొగుడితో. ఆయన పోయాక గోడతో అనేది.

ఒక్కోసారి నాకు విసుగొచ్చి, ఈసారి చెయ్యి జారి పగిలిపోతే బాగుండుననిపించేది. వెన్న రాయించుకుని ఖాళీగా ఉండటం ఎంత కష్టమో వండేవాళ్లకు తెలియదు. ఆమె జుట్టు తెల్లబడింది. వెన్న రాసే వేళ్లు వంకర్లు తిరిగాయి. ఆ వేళ్లు నా చెవి గుంటలోకి దూరడం కూడా కష్టమైపోయింది.

ఒక తపస్సు కాలంలో అగాతమ్మ జబ్బుపడిందన్న కబురు వచ్చింది. మగ్దలీనమ్మ చీర మార్చుకుంది, గుమ్మం దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. "పిలవలేదు కదా" అంది. పోయిందన్న రెండో కబురు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

సమాధుల దొడ్డి నుంచి వచ్చాక, చెల్లెలి కోడలు రోజలీను ఒక పాతగుడ్డ మూట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. మూటలో నా జోడు ఉంది.

"పెద్దత్తయ్యగారూ, ఇది మీకిమ్మన్నారండి. పండగ ముందు శనివారం దీనికి ఎన్న రాసుకుని గుమ్మంలో కూర్చునేవోరండి. ఏంటత్తయ్యా అంటే, 'పెద్దది పిలవాలి కదే, పిలిస్తే అట్టుకెల్లాలి కదే' అనేవోరండి."

మగ్దలీనమ్మ గుడ్డ విప్పి, నా జోడును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది.

ఆ ఏడు పండగ ముందటి శనివారం ఆమె మా ఇద్దరికీ తనే వెన్న రాసింది. కమ్మీ ఎప్పుడో పోయింది కనక ఇనుప తీగ చుట్టి కట్టింది. ఇన్నేళ్ల తర్వాత అంచుకు అంచు ఆనింది. నా జోడు మట్టిలో కూడా పాత వెన్న పొరలు పొరలుగా ఇంకి ఉంది.

ఇసుక మూకుడు, కింద నిప్పులు, పైన నిప్పులు. పొద్దున తీగ విప్పితే గొర్రెపిల్ల వచ్చింది. ఆమె చీపురు పుల్ల చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది. తల ఊడలేదు. కాసేపు చూసింది. అయినా ఊడలేదు.

"ఇప్పుడు నిలబడితే ఏం లాభమే?" అంది మగ్దలీనమ్మ దాన్ని.

ఎడమ చెవి తుంచి తిన్నది. కుడి చెవి వైపు చెయ్యి పోనివ్వలేదు. మిగతాదంతా వీధి పిల్లలకు పంచింది. సాయంత్రానికి పళ్లెంలో ఆ చెవి ఒక్కటే మిగిలింది, దాని చుట్టూ చీమలు చేరాయి. ఆమె చీమల్ని తోలలేదు.

ఇప్పుడు మేమిద్దరం ఒకే గుడ్డలో, ఒకే అటక మీద ఉన్నాం. మళ్లీ తపస్సు కాలం వచ్చింది. శనివారం దగ్గరపడుతోంది. ఆమె మమ్మల్ని దించుతుందో లేదో నాకు తెలియదు. వెన్న రాసుకుని ఎదురుచూడటానికి ఇప్పుడు రావాల్సిన వాళ్లెవరూ లేరు.