మొగుడి పక్కన నడక

దశరథం చీరల దుకాణం ముందు ఆగాడు. పద్మారాణికి నమ్మబుద్ధి కాలేదు. పొద్దంతా యజమాని సేఠ్ కార్ఖానాలో సాంచాల మీద, ఆ కరెంటు మగ్గాల మీద గుడ్డ నేసే మనిషి, బజార్లో గుడ్డ వంక చూడటం ఆమె ఎన్నడూ ఎరగదు.

వాళ్లు నేతపనికి పరరాష్ట్రం వచ్చి ఉంటున్న గోడాదరా బస్తీలో ఆయనది పేరుపడ్డ నడక. తెగిన పోగు కనబడగానే ఆ సాంచా దగ్గరికి ఉరకడం పని, ఆ ఉరుకే కాళ్లకు అలవాటై బజారు దాకా వచ్చేది. పెళ్లయిన నాటి నుంచి ఆయన ముందు, ఆమె వెనక. మొగుడితో మాట్లాడుతూ కూరగాయలకు పోయిన పాపాన పోలేదు.

వానాకాలం నుంచి మాత్రం ఆయన ఏదో ఒక దుకాణం ముందు ఆగుతూ మెల్లగా నడుస్తున్నాడు. పద్మారాణి పక్కకు చేరింది. ఇన్నేళ్లకు మొగుడికి బుద్ధొచ్చిందని పొంగిపోయింది. "ముసలోనికి దసరా పండుగ వచ్చినట్టుంది, వదినా" అని పక్కింటి కోమలి ఆటపట్టిస్తే సిగ్గు కూడా పడింది. ముసలివాడేమిటి, నిండా యాభై లేవు!

"గా నీలంది మంచిగుంది" అంది చీరను చూపిస్తూ. ఆయన నాలుగడుగులు వేసి ఫోన్ల దుకాణం ముందు ఆగాడు. మళ్లీ కదిలి గిన్నెల దుకాణం ముందు ఆగాడు. రెండు చేతులా సంచులు మోస్తున్న ఒక ముసలమ్మ వాళ్లను దాటుకుని వెళ్లిపోయింది. దశరథాన్ని ముసలమ్మ దాటడమా?

ఈసారి ఆయన ఆగింది మూసిన షట్టర్ ముందు. అక్కడ చూడటానికి తాళం తప్ప ఏమీ లేదు.

"ఏం జూస్తున్నవయ్యా?"

"ఏం లేదు. నువ్వు నడువు, నేనొస్త."

అరచెయ్యి షట్టర్‌కు ఆన్చి నిలబడ్డాడు. చలికాలపు సాయంత్రం, చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

"ఛాతిల బరువున్నట్టుంది. దవడ గుంజుతుంది. జరసేపు నిలవడితే తగ్గుతది."

"తగ్గుతదంటే? ఇంతకుముందు గిట్ల వచ్చిందా?"

ఆయన తల తిప్పుకున్నాడు. ఇన్ని నెలలుగా తాము ఆగిన దుకాణాలన్నీ ఆమెకు కళ్ల ముందు కనబడ్డాయి.

"ఆటో పిలుస్త. దవాఖానకు పోదాం."

"వద్దే. సేఠ్‌కు తెలిస్తే నా సాంచాలు ఇంకొకనికి ఇస్తడు. ఇప్పుడైతే తగ్గుతలేదు గనీ... ఇంకొంచెం జూద్దాం."

"నీ సాంచాలు మన్నువడ" అని ఆమె రోడ్డు మీదికి దిగింది. మొదటి ఆటో నిండుగా ఉంది. రెండోది ఆగినట్టే ఆగి వెళ్లిపోయింది. మూడోదానికి అడ్డం నిలబడి దాని కడ్డీ పట్టుకుంది. డ్రైవర్ తిట్టబోయి, షట్టర్ దగ్గర కూలబడ్డ మనిషిని చూసి తానే దిగివచ్చి పట్టుకున్నాడు.

వంతెన కింద బండ్లన్నీ ఇరుక్కుపోయాయి. దశరథం తల ఆమె భుజం మీద బరువెక్కుతోంది. చెయ్యి చల్లబడింది. "భయ్యా, జల్దీ" అని డ్రైవర్‌ను బతిమాలుతూ, మధ్య మధ్య మొగుణ్ణి తిడుతూనే ఉంది. తాను మాట ఆపితే ఆయన కళ్లు మూస్తాడని ఆమె భయం.

దవాఖానలో ఛాతీకి తీగలు తగిలించి చూశారు. గుండె నరం పూడుకుపోయింది, వెంటనే ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోవాలి, ఏం జరిగేదీ ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టర్ హిందీలో. నడిస్తే నొప్పి ఎప్పటి నుంచి వస్తోందని అడిగాడు.

"బర్సాత్ నుంచి, సాబ్" అన్నాడు దశరథం.

వానాకాలం నుంచా! పద్మారాణికి ఒళ్లు మండిపోయింది. "నాకెందుకు చెప్పలే? సేఠ్ అంటే భయం, సరే. నేనేమన్న సేఠ్‌నా?"

ఆయన ఆయాసపడుతూ ఆమె వైపు చూశాడు. "నువ్వేమో పక్కపొంట నడుస్తూ మస్తు సంబురంగ ముచ్చట్లు జెప్పబడితివి. గా మొఖం జూసి ఎట్ల జెప్పాలె?"

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కొంగుతో ఆయన ముఖం మీది చెమట తుడిచి, చెవి దగ్గరికి వంగింది.

"బతికి రా. నీ సంగతి ఇంట్ల జెప్త."

ఆయనను లోపలికి తీసుకుపోయి తలుపు మూశారు.