కారడమా, కాలడమా

అసలు కారడం వేరు, కాలడం వేరు. మెకానిక్ నోట విన్నప్పుడు మాటల గారడీలా అనిపించింది గానీ, రెండు రోజులుగా ఆ రెండు మాటల మధ్యే పచార్లు చేస్తున్న మాస్టారికి అందులో గారడీ ఏమీ కనిపించడం లేదు. ఇంజన్లోంచి ఆయిల్ బయటికి కారుతుంటే అది పైపై జబ్బు. ఎక్కడో ఒక సీలు అరిగి ఉంటుంది, విప్పి మార్చవచ్చు. అదే ఆయిల్ లోపల్లోపల కాలిపోతుంటే ఇంజన్‌కి నూకలు చెల్లినట్టే. రాత్రి కారు కింద పరిచిన అట్టముక్క మీద తెల్లారేసరికి చెంచాడు మరక. లోపల తగ్గేది మాత్రం వారానికి పెద్ద గ్లాసెడు. మిగతాది రోడ్డు తాగుతోందో, ఇంజన్ కాల్చేస్తోందో తెలియదు.

మనుషులూ రెండు రకాలే అనుకున్నాడు మాస్టారు. ఆయన భార్య కారే రకం. ఏ బాధైనా అరగంటలో గడప దాటి నాలుగిళ్ళకీ చేరుతుంది. ఆయన కాలే రకం. కింద అట్ట వేసి చూస్తే ఒక్క చుక్క కనిపించదు.

"పసిబిడ్డ ఉన్న ఇల్లులా తయారైంది. పొద్దున్న లేవగానే గుడ్డలు మార్చడం నా పని," అంటూ ఆవిడ అప్పుడే పాత అట్ట తీసి కొత్తది తోసింది. "ఇవాళ మరక కొంచెం పెద్దదే. చూస్తారా?"

"ఎందుకు?"

"ఎందుకేమిటి? నేను చూసి ఏం చెయ్యను?"

మాస్టారు చూశాడు. మరక మరకలాగే ఉంది.

ఆయన ఆ ఊళ్ళో కారు నేర్పే మాస్టారు. ఊళ్ళో సగం మంది ఆయన పక్కన కూర్చుని, ఈ కారులోనే, చెమటలు కక్కుకుంటూ స్టీరింగ్ పట్టినవాళ్ళే. పక్క సీటు ముందు ఆయన కోసం విడిగా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉన్నాయి. వాటి మీద ఉండీ ఉండీ ఆయన కుడికాలికి సొంత బుద్ధి పుట్టింది. ఇంట్లో భార్య గొంతు వేగం అందుకుంటే చాలు, కాలు తనంతట తానే నేలని తొక్కుతుంది. ఆయన కుర్చీ ముందు పరిచిన చాపకి ఒకేచోట చిల్లు పడింది. ఎలకలు కొట్టేశాయని ఆయనే చెప్పాడు.

మొన్న బుధవారం కారుని మెకానిక్ దగ్గరికి తోలుకెళ్ళింది కూడా ఆయన దగ్గర నేర్చుకుంటున్న ఒక దర్జీ ఆవిడే. ఇప్పటివాళ్ళలో కాస్త బాగా తోలేది ఆవిడ. మెకానిక్ మోకాలికి ఆపరేషన్ అయి ఇంకా నెల కాలేదు. ఒక కాలు బారచాపి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"ఏమంటోంది?" అన్నాడు మాస్టారు.

"మీమీద చాడీలు చెబుతోంది." మెకానిక్ కళ్ళు తెరిచాడు. "మాస్టారూ, కారితే కుట్లేద్దాం, కాలితే మార్చేద్దాం. నిలబెట్టి చూస్తే తేలే రోగం కాదిది. ఎత్తు మీద ఎలా లాగుతోంది?"

"బాగానే లాగుతోందనుకుంటాను. నేర్చుకునేవాళ్ళు తోలతారు కదా."

"వాళ్ళ సంగతి వదిలేయండి. మీరు తోలినప్పుడు?"

మాస్టారు రేడియేటర్ మూత వంక చూశాడు.

"సరే, ఒక పని చెయ్యండి. నీళ్ళ ట్యాంకు ఎత్తుంది కదా, దాని మీదకి ఒక్కసారి తొక్కిపట్టి ఎక్కించండి. ఆక్సిలరేటర్ నేలకి ఆనాలి. మొహమాటపడకూడదు. వెనకాల నీలం పొగ వచ్చిందా, కాలుతున్నట్టు. రాలేదా, కారుతున్నట్టు. నేనే తోలేవాణ్ణి గానీ క్లచ్ తొక్కావంటే మళ్ళీ కోస్తానన్నాడు డాక్టరు." మూలన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని పాత టైరు మీద కూర్చున్న ఇంకో ఇంజన్ని గడ్డంతో చూపించాడు. "గుద్దేసిన బండిలోంచి తీసింది. మనసెలాంటిదో నాకూ తెలియదు. శనివారం మధ్యాహ్నం ఒకాయన దానికోసం వస్తానన్నాడు. ఆలోపు మీ మాట చెప్పండి. చూసుకోకుండా ఇలాగే తిప్పారంటే మాత్రం, ఏదో ఒకరోజు నేర్చుకునేవాళ్ళతో సహా నడిరోడ్డు మీద ఇంజన్ బిగుసుకుని పట్టేస్తుంది."

ఇదీ చిక్కు. ఎత్తు ఎక్కించడానికి అరగంట చాలు. కానీ మాస్టారు కారు తోలి పదకొండేళ్ళయింది.

ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎవరికీ అనుమానం రాలేదు కూడా, ఎందుకంటే ఆయన ఎప్పుడూ కారులోనే ఉంటాడు. పొద్దున మొదటి బేరం ఇంటికొచ్చి కారెక్కుతుంది. సాయంత్రం ఆఖరి బేరం ఇంటి దగ్గర దింపి వెళుతుంది. పదకొండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆ ఆఖరి మనిషి రాలేదు. మాస్టారు డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు, తాళం తిప్పాడు, పక్కకి చూశాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. బ్రేకు ముందు ఎవరి కాలూ లేదు. తను పొరపాటు చేస్తే ఆపే మనిషి లేడు. అంతే. ప్రమాదం జరగలేదు, కళ్ళు తిరగలేదు, చెప్పుకోదగ్గది ఒక్కటీ జరగలేదు. తాళం వెనక్కి తిప్పి, నడిచి ఇంటికొచ్చి, బ్యాటరీ దిగిపోయిందన్నాడు. ఊళ్ళో అందరికీ పక్కన ఆయనున్నాడు. ఆయనకి పక్కన ఆయన లేడు.

పాత శిష్యుల్లో ఎవరినైనా పిలవవచ్చు. వాళ్ళు సంతోషంగా వస్తారు. వచ్చి, "మీరుండగా నేనెందుకు మాస్టారూ?" అంటారు. ఆ ప్రశ్న కన్నా ఇంజన్ మార్చడం తేలిక.

శుక్రవారం దర్జీ ఆవిడ చేతే ఆ పని కానిచ్చేద్దామని చూశాడు. ట్యాంకు ఎత్తు మొదట్లో, "ఇవాళ మీకు కొత్త పాఠం," అన్నాడు. "తొక్కండి. మిషను తొక్కినట్టు తొక్కండి."

ఆవిడ సంబరంగా తొక్కింది. కారు ఎగదన్నింది, పావు వంతు ఎక్కింది, ఠక్కున ఆగిపోయింది.

"మీరే బ్రేకేశారు మాస్టారూ."

"మళ్ళీ తొక్కండి."

మళ్ళీ ఆగింది. మూడోసారీ ఆగింది. దర్జీ ఆవిడ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఆయన కాళ్ళకేసి చూసింది.

"కొత్త పాఠం ఏమిటో నాకర్థం కాలేదండీ. నేను తొక్కడమా, మీరు ఆపడమా?"

"ఇవాల్టికి చాలు," అన్నాడు మాస్టారు.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. కారు నేర్పుతున్న ఈ పాతికేళ్ళలో తన కాలు మాత్రం ఎవరు చెప్పినా వినలేదు. ఈ కారు ఆక్సిలరేటర్ నేలకి ఆని ఎన్నేళ్ళయిందో లెక్కేస్తే, తన పక్కన ఒక్కసారి కూడా ఆనలేదని తేలింది. ఇంజన్ పాడైందో లేదో తరవాత మాట. అసలది ఎలాంటిదో ఎవరికీ తెలియదు, తనతో సహా.

శనివారం పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టి, "మార్చేద్దామనుకుంటున్నాను," అన్నాడు.

భార్య బీరువా తాళాలు వెతుకుతోంది. "అయితే కాలుతోందన్నమాట."

"తెలియదు."

"తెలియకుండా మార్చడమేమిటండీ? నాకు తలనొప్పొస్తే తలకాయ మార్పించేలా ఉన్నారే. ఆ ఎత్తేదో ఎక్కించి చూడమన్నాడుగా."

"దర్జీ ఆవిడ ఎక్కించింది. తేలలేదు."

"మీరు ఎక్కించండి."

ఆయన కాలు చాప చిల్లుని తొక్కింది. ఆవిడ ఆ కాలినే చూస్తూ, "ఎలకలు మళ్ళీ వచ్చినట్టున్నాయి," అంది. తరవాత, వెతకడం ఆపకుండానే అంది: "బ్యాటరీ దిగిన బండిలో లైట్లెలా వెలిగాయా అని నేనూ ఆవేళే అనుకున్నాను. మీరు ఆర్పడం మరిచిపోయి వచ్చారు. రెండు సందుల అవతలికి నేనే వెళ్ళి ఆర్పాను."

మాస్టారు చాప మీంచి కాలు తీశాడు. "పదకొండేళ్ళుగా చెప్పలేదేం?"

"మీరు చెబుతారేమోనని." తాళాలు దొరికాయి. అవి కారు తాళాలు. "పదండి. నేను పక్కన కూర్చుంటాను."

కొత్తగా పెళ్ళైనప్పుడు ఆవిడకి నేర్పబోయి నాలుగో రోజే మానుకున్నాడు. నాలుగో రోజు ఆవిడ నడిరోడ్డు మీద తలుపు తీసుకుని దిగి ఇంటికి నడిచిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మాస్టారు రచ్చతో సరిపెట్టుకున్నాడు.

డ్రైవర్ సీటు దర్జీ ఆవిడ కొలతకి ముందుకి జరిపి ఉంది. మాస్టారు మోకాళ్ళు స్టీరింగ్‌కి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు.

"సీటు వెనక్కి జరుపుకోకూడదూ?"

"ఎంతసేపులే."

వీధి చివరి వరకూ మొదటి గేరే. సైకిలు మీద వెళుతున్న ఒకాయన వెనక్కి తిరిగి చూసి నవ్వి దాటిపోయాడు. మలుపు దగ్గర మాస్టారు కాలు అలవాటుగా లేని బ్రేకుని తొక్కింది. ఉన్న బ్రేకు పక్కనే ఉందని రెండో క్షణంలో గుర్తొచ్చింది. భార్య కిటికీలోంచి కొట్లు చూస్తోంది.

ట్యాంకు ఎత్తు వచ్చింది. గోడ పక్కన నిటారుగా పైదాకా కనిపిస్తున్న రోడ్డు. మాస్టారు ఆక్సిలరేటర్ నొక్కాడు. సగం దాకా వెళ్ళి కాలు ఆగింది. మోకాలు స్టీరింగ్‌కి అడ్డుపడిందని అనుకోవచ్చు. కారు రెండుసార్లు దగ్గి, ఎత్తు మధ్యలో చచ్చింది. చేతి బ్రేకు లాగాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, గొయ్యి కనీసం అద్దంలో కనిపించాలి. ఆయన అద్దంలోకి చూశాడు. అద్దమూ దర్జీ ఆవిడ ఎత్తుకే ఉంది. వెనక సీటు తప్ప ఏమీ కనిపించలేదు.

"నువ్వు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచు," అన్నాడు. "నేను చెప్పినప్పుడు తొక్కు."

పక్కకి చూశాడు. భార్య చెప్పులు కింద వదిలేసి, రెండు కాళ్ళూ సీటు మీద మఠం వేసుకుని కూర్చుంది.

"కాళ్ళు కింద పెట్టవేం?"

"మీ బ్రేకుల సంగతి నాకేం తెలుసు? పొరపాటున తొక్కితే ఇద్దరం పోతాం."

"మరి నేనేదైనా పొరపాటు చేస్తే?"

"చేస్తే మీరే చూసుకోండి. ఊరందరికీ నేర్పారుగా." ఆవిడ వెనక కిటికీ అద్దం వైపు మెడ తిప్పి కూర్చుంది. "నేను పొగ చూస్తాను. నీలమే కదూ?"

కింద ఒక లారీ ఎత్తు మొదట్లో ఆగి హారన్ కొట్టింది. మాస్టారు చెయ్యి సీటు కిందకి పోనిచ్చి, మీట ఎత్తి, ఒక్క తోపు తోశాడు. సీటు గరగరమంటూ వెనక్కి పోయి, చివరి గాడిలో పడింది. మోకాళ్ళు స్టీరింగ్‌ని వదిలాయి.

"క్లచ్ తొక్కండి," అన్నాడు పైకే. భార్య తిరిగి చూడలేదు. "మొదటి గేరు. కొంచెం ఆక్సిలరేటర్. క్లచ్ మెల్లిగా వదలండి... ఇంకా మెల్లిగా... బండి వణుకుతుంది, కంగారు పడకండి. ఇప్పుడు చేతి బ్రేకు దించండి."

దించాడు. కారు వెనక్కి బెత్తెడు కూడా జారలేదు. మంచి శిష్యుడే అనుకున్నాడు.

"ఇప్పుడు తొక్కండి," అన్నాడు.

కాలు దిగింది. సగం దగ్గర ఆగి, పక్క సీటు కోసం ఒక్క క్షణం ఎదురుచూసి, ఎవరూ ఆపకపోయేసరికి ఇంకా దిగి, నేలకి ఆనింది. ఇంజన్ ఆయన ఎన్నడూ వినని గొంతుతో అరిచింది. రెండో గేరు. మూడో గేరు. గోడ పక్కనుంచి పరిగెత్తింది. భార్య చేతి సంచీ ఒళ్ళోంచి జారి, కిందున్న ఆయన బ్రేకు మీద పడి ఊరుకుంది.

పైన చదునులో కారు ఆపాడు.

"పొగ?"

"దుమ్ము."

"ఏ రంగు?"

"దుమ్ము రంగు. నీలమైతే చెప్పనా?"

మాస్టారు దిగి, వెనక పొగ లేదని చూసుకుని, ముందుకొచ్చి వంగి చూశాడు. వేడెక్కిన ఇంజన్ కిందనుంచి ఆయిల్ చుక్కా చుక్కా కాదు, సన్నటి దారంలా కారుతోంది. రోడ్డే తాగుతోందన్నమాట. అంత హాయిగా కారడం ఆయన ఎక్కడా చూడలేదు. ఎత్తు దిగేంతవరకూ సరిపడా ఉందో లేదో ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూసి, డిక్కీలో ఉన్న డబ్బాలోంచి కొంచెం పోసి, సీట్లో కూర్చుని మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

"కారడమేనయ్యా," అన్నాడు. "కుట్లేసెయ్. ఆ ఇంజన్ ఆయనకిచ్చుకో."

"నేలకి ఆనించారా?"

"ఆనింది."

"ఎవరు తోలారు?"

మాస్టారు పక్కకి చూశాడు. భార్య కాళ్ళు ఇంకా సీటు మీదే ఉన్నాయి.

"నేనే," అని పెట్టేశాడు.

ట్యాంకు దాటితే రోడ్డు లేదు. దిగడానికి కూడా తనే తోలాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కాసేపు ఊరు వంక చూశాడు. తరవాత అద్దాన్ని తన కంటికి సరిపడా తిప్పుకుని, చేతి బ్రేకు దించాడు.